కొట్లో సైజు చూసి, బండి మీద పని చూసి

మీ ఇబ్బంది నాకు అర్థమైంది. ఇంటి వెనక షెడ్డులో సామాను దాచుకునే చిన్న కొట్టు, రోజూ బండి మీద ఇళ్లకు వెళ్లి చేసే బిగింపు పనులు. 40 సొరుగుల ప్లాస్టిక్ అర కొన్నారు, అయినా ఒక్క స్క్రూ కోసం అరగంట వెతుకుతున్నారు. ఇంతకంటే మంచి పెట్టె ఏదైనా ఉందా అని అడిగారు. పెట్టె మార్చినా వెతుకులాట తగ్గదని నా అనుమానం. ఎందుకో చెబుతాను.

విజయవాడలో 14 ఏళ్లుగా వంటగది అరలు, తలుపులు, టీవీలు, కర్టెన్ రాడ్లు బిగిస్తున్నాను. మొదటి నాలుగైదేళ్లు నేనూ మీలాగే చేశాను. కొట్లో సామాను సైజుల వారీగా సర్దుకున్నాను కదా, బండి మీద పెట్టెనూ అదే పద్ధతిలో సర్దాను. 24 గదుల పెట్టె, ఒక్కో గదిలో ఒక్కో సైజు. చూడటానికి ముచ్చటగా ఉండేది. కర్టెన్ రాడ్ బిగించడానికి వెళ్తే మాత్రం ఒక గదిలోంచి గోడ రంధ్రంలో దిగే ప్లగ్గులు, ఇంకో గదిలోంచి స్క్రూలు, మూడో దానిలోంచి వాషర్లు ఏరుకోవాలి. తీరా అన్నీ ఏరాక గోడకు వేయాల్సిన 6 ఎంఎం డ్రిల్ బిట్ ఇంట్లో ఇంకో సంచిలో ఉండిపోయిందని తెలిసేది. నాలుగో అంతస్తు నుంచి దిగి, ఇంటికి పోయి, మళ్లీ ఎక్కాలి.

నాకు బుద్ధి వచ్చింది మా అమ్మ పోపుల డబ్బా దగ్గర. ఒకరోజు పప్పులో పోపు పెడుతుంటే పక్కన నిలబడి చూశాను. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మెంతులు, ఎండుమిర్చి లాంటివి, ఏడు చిన్న గిన్నెలు ఒకే డబ్బాలో. అవి సైజు ప్రకారం లేవు, ధర ప్రకారమూ లేవు. నూనెలో కలిసి పడేవి కలిసి ఉన్నాయి, అంతే. కిలోల కొద్దీ సరుకు పైఅటక మీద విడివిడి డబ్బాల్లో ఉంటుంది. నూనె కాగాక అటక ఎక్కితే పోపు మాడుతుంది కాబట్టి ఈ ఏర్పాటు. నా పనీ అంతే కదా అనిపించింది. ఆ వారమే 24 గదుల పెట్టె ఖాళీ చేశాను.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. కొట్లో సామాను సైజు ప్రకారం ఉంటుంది, బండి మీద పని ప్రకారం ఉంటుంది. బండి మీద ఇప్పుడు జిప్పు ఉన్న గుడ్డ సంచులు ఆరు. కర్టెన్ సంచిలో 4.2 ఎంఎం మందం, 38 ఎంఎం పొడవు స్క్రూలు ఒక 30, వాటికి సరిపడే 6 ఎంఎం ప్లగ్గులు, నాలుగు బ్రాకెట్లు, వాటితో పాటే గోడకు వేసే 6 ఎంఎం బిట్ రెండు. బిట్ రెండు ఎందుకంటే ఒకటి కాంక్రీటులో ఇనుప చువ్వకు తగిలి మొండిదవుతుంది కాబట్టి. ప్లగ్గు ఎక్కడ ఉంటే దాని బిట్ అక్కడే ఉండాలి. ఇదొక్కటి పాటించినా మీకు సగం తలనొప్పి తగ్గుతుంది. బిట్లన్నీ ఒక అందమైన పెట్టెలో వరుసగా పెట్టుకోవడం కొట్లో బాగుంటుంది, బండి మీద బాగుండదు.

టీవీ సంచి ఇంకా ముఖ్యం. టీవీ వెనక నాలుగు రంధ్రాల మధ్య దూరం చిన్నవాటికి 100 ఎంఎం, కొంచెం పెద్దవాటికి 200 ఎంఎం ఉంటుంది. చిన్నవాటికి సాధారణంగా ఎం4 బోల్టులు (అంటే 4 ఎంఎం మందం), పెద్దవాటికి ఎం6, ఎం8 పడతాయి. ఈ మూడు రకాలూ రెండేసి పొడవుల్లో, నాలుగేసి చొప్పున పెట్టుకుంటాను. వాటితో పాటు బోల్టుకు తొడిగే ప్లాస్టిక్ గొట్టం ముక్కలు, స్పేసర్లు కూడా. టీవీ వెనక గుంటగా ఉంటే స్పేసరు వేయాలి. అది లేక పొట్టి బోల్టు రెండు మరలే పట్టుకుంటే టీవీ నిలుస్తుందన్న నమ్మకం లేదు, పొడుగు బోల్టు వేసి బలంగా తిప్పితే లోపల ప్యానెల్‌కు తగులుతుంది. కొత్త అపార్టుమెంట్లలో గోడలు లోపలంతా గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలతో, అంటే ఏఏసీ బ్లాకులతో కడుతున్నారు. వాటిలో మామూలు ప్లగ్గు వెన్నలో గుచ్చిన పుల్లలాగా ఊడి వస్తుంది. ఆ బ్లాకుల కోసం ప్రత్యేకంగా వచ్చే పొడుగు ప్లగ్గులు ఎనిమిది ఇదే సంచిలో విడిగా చుట్టి పెడతాను.

మిగతా నాలుగూ తలుపు బందుల సంచి, సొరుగు జారే చానెళ్ల సంచి, గడియలూ బేడాలూ ఉండే సంచి, చిల్లర సంచి. చిల్లర సంచి గురించి సిగ్గుపడకండి. ఏ పనికీ చెందని వస్తువులు ఎవరికైనా ఉంటాయి.

బందుల సంచి దగ్గర ఒక అనుభవం చెప్పాలి. అలమార తలుపు లోపల గుంటలో కూర్చునే కప్పు బందులకు 3.5×16 స్క్రూ వేస్తాం, అంటే 3.5 ఎంఎం మందం, 16 ఎంఎం పొడవు. అదే మందంలో 19 ఎంఎం కూడా వస్తుంది. గదుల పెట్టె వాడే రోజుల్లో రెండూ ఒకే గదిలో కలిసిపోయాయి. మూడు ఎంఎం తేడా, దీపం వెలుతురులో కంటికి ఆనదు. ప్లైవుడ్ మీద మందం 18 ఎంఎం అని రాసి ఉంటుంది గానీ కొలిస్తే చాలాసార్లు 17 పైచిల్లరే వస్తుంది. తలుపు బిగించి, తుడిచి, ఇంటావిడకు చూపించబోతే ముందు వైపు లామినేట్ మీద మొటిమ లేచి ఉంది. గోరుతో తడిమి చూస్తే లోపలి నుంచి స్క్రూ మొన. ఆవిడ ఏమీ అనలేదు. ఆ మొటిమ వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. కొత్త తలుపు నా ఖర్చుతో చేసి ఇచ్చాను. అందుకే ఇప్పుడు బందుల సంచిలోకి 16 తప్ప ఇంకే స్క్రూనూ రానివ్వను. 19 కావాలంటే అది సొరుగుల సంచిలో కూడా ఉండదు, కొట్లోనే ఉంటుంది.

ఆ స్క్రూలు అసలు ఎలా కలిశాయో తర్వాత తెలిసింది. మధ్య గోడలు ఉన్న ప్లాస్టిక్ పెట్టెల్లో చాలావాటికి మూతకూ గోడకూ మధ్య సందు ఉంటుంది. బండి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా వాషర్లు, చిన్న స్క్రూలు గోడ దూకి పక్క గదిలోకి వలస పోతాయి. అందుకే కొనేటప్పుడు అక్కడే ఒక పిడికెడు వాషర్లు ఒక గదిలో పోయమని అడిగి, మూత వేసి, తలకిందులు చేసి బాగా కుదపండి. దుకాణదారు మొహం చిట్లించినా సరే. పక్క గదిలోకి ఒక్కటి వెళ్లినా ఆ పెట్టె వద్దు. ఇప్పటికే కొని ఉంటే, ప్యాకింగులో వచ్చే తెల్ల ఫోమ్ షీటు మూత కొలతకు కోసి లోపల అంటించండి. మూత వేస్తే గోడల అంచులు ఫోమ్‌లో దిగబడి సందు మూసుకుపోతుంది.

ఇక కొట్టు సంగతి. ఇక్కడ సైజు రాజు. ముందు కొలత ఏ భాషలో రాస్తారో తేల్చుకోండి. ఒకే స్క్రూను ఒక దుకాణంలో 8 నంబరు ఒకటిన్నర అంగుళం అంటారు, ఇంకో డబ్బా మీద 4.2×38 అని ఉంటుంది. 6 నంబరు అంటే సుమారు 3.5 ఎంఎం మందం, 8 అంటే 4.2, 10 అంటే 4.8. రెండు పద్ధతులూ కలిపి రాశామంటే ఒకే సరుకు రెండు డబ్బాల్లో చేరి, రెండూ సగం సగమే ఉంటాయి. నేను మిల్లీమీటర్లలోకి మారాను. మా తమ్ముడు ఇప్పటికీ నంబర్లలోనే మాట్లాడతాడు, డబ్బా మీద మాత్రం నా రాతే.

రాత ఎప్పుడూ మూత మీద వద్దు. మూతలు మారిపోతాయి. డబ్బా ఒంటి మీద రాయండి, పక్కనే ఆ స్క్రూ ఒకటి జిగురుతో అంటించండి. నా దగ్గర పనిచేసే కుర్రాడు అంకెలు చదవడు, అంటించిన స్క్రూ పక్కన చేతిలోది పెట్టి పోల్చి చూసి తెస్తాడు. నిజం చెప్పాలంటే నాకంటే వాడే తక్కువ తప్పులు చేస్తాడు.

బోల్టుల దగ్గర అసలు ప్రమాదం అంగుళాలు, ఎంఎంలు కలిసిపోవడం. ఎం8 బోల్టు, అయిదు పదహారో వంతు అంగుళం బోల్టు మందంలో దాదాపు ఒకటే, ఒకటి 8 ఎంఎం, ఇంకోటి 7.94. ఎం8 మరకూ మరకూ మధ్య 1.25 ఎంఎం, అంగుళాల దానికి అంగుళానికి 18 మరలు, అంటే సుమారు 1.41. ఒకదాని నట్టు ఇంకోదానికి ఒకటి రెండు చుట్లు తేలిగ్గా ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. తుప్పేమో అనుకుని స్పానర్‌తో నాలుగు తిప్పులు తిప్పితే మర పోతుంది. పాత యంత్రాల సామానులో ఇప్పటికీ అంగుళాలే ఎక్కువ. అందుకని బల్ల పక్కన మేకుకు ఒక నట్ల దండ వేలాడదీశాను. ఎం5, ఎం6, ఎం8, ఎం10, పావు అంగుళం, అయిదు పదహారో వంతు, మూడు ఎనిమిదో వంతు, ఒక్కోటి ఒక్కో నట్టు, అంగుళాల వాటికి ఎర్ర రంగు. తెలియని బోల్టు చేతికి వస్తే వేళ్లతోనే దండలోని నట్టు ఎక్కించి చూస్తాను. అడుగు వరకూ సాఫీగా నడిస్తే ఆ గదిలోకి, లేకపోతే పక్కన పెట్టేయడమే.

మీ 40 సొరుగుల అరలో బరువు బోల్టులు నింపకండి. ఎం10 బోల్టులు నిండా పోస్తే ఆ సొరుగు ముందు పెదవి విరుగుతుంది, నా అరలో మూడు అలాగే పోయాయి. బరువు సామానుకు లీటరు ఇంజనాయిలు డబ్బాలు ఒక వైపు ఏటవాలుగా కోసి, కడిగి వాడతాను. మెకానిక్కుల దగ్గర ఊరికే దొరుకుతాయి, ముందు వైపు తెరిచి ఉండటం వల్ల చేయి నేరుగా లోపలికి పోతుంది. ఇవి కింది వరుసలో, తేలికవి పైన. మాకు ఉక్కపోత ఎక్కువ కాబట్టి ఇనుప స్క్రూలు అట్టపెట్టెలో వదిలేస్తే ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది, మూత ఉన్న సీసాలు నయం.

పని చేసే చోట కింద పడ్డవాటికి పాత స్పీకరులోని అయస్కాంతం ఒకటి బండిలో ఉంచుకోండి. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి నేల మీద తిప్పి, కవరును లోపలి వైపు బయటికి తిప్పేస్తే స్క్రూలన్నీ కవరులోనే ఉండిపోతాయి. అయస్కాంతానికి అంటుకున్న రజను గోళ్లతో గీకాల్సిన పని ఉండదు. మేలురకం స్టెయిన్‌లెస్ స్క్రూలు, ఇత్తడివి దీనికి దొరకవు, వాటిని వంగి ఏరుకోవాల్సిందే. దేన్నైనా విప్పేటప్పుడు మాత్రం నాకు అయస్కాంతం కంటే 30 గుంటల కోడిగుడ్ల అట్ట మీద నమ్మకం ఎక్కువ. విప్పిన వరుసలోనే గుంటల్లో వేసుకుంటూ పోయి, వెనక నుంచి ముందుకు బిగించుకుంటూ వస్తాను.

ఈ పద్ధతి మొత్తం నిలబడేది రాత్రి పది నిమిషాల మీద. ఇంటికి రాగానే సంచులు కొట్లో బల్ల మీద పరిచి, తగ్గినవి లెక్క ప్రకారం నింపి జిప్పు వేస్తాను. ప్రతి సంచిలో ఏది ఎన్ని ఉండాలో రాసిన అట్టముక్క లోపలే ఉంటుంది. పొద్దున్నే నింపుకుందాం అనుకున్న రోజు నింపలేదు, ఎప్పుడూ. జేబులో మిగిలిన కలగాపులగం స్క్రూలు ఒక పాత బిస్కెట్ల డబ్బాలో పడేస్తాను, వాటిని ఏరుతూ కూర్చోను. వంద స్క్రూల ఖరీదు ఎంతని, గంట కూలి పోగొట్టుకోవడానికి. ఆ డబ్బా నిండితే పాత ఇనుము వాడికి వేస్తాను. మా నాన్న బతికి ఉంటే దీనికి ఒప్పుకునేవారు కాదు, వంకర మేకులు కూడా సుత్తితో సాపు చేసి దాచేవారు.

కాబట్టి కొత్త పెట్టె కొనకండి. ఉన్న అరలో తేలిక సామాను ఉంచి, కంటి ఎత్తులో ఉన్న రెండు వరుసలు మీరు వారంలో ఎక్కువగా వాడే వాటికి ఇవ్వండి. రేపటి నుంచి పది రోజులు ఏ పనికి ఏయే స్క్రూలు వాడారో ఒక కాగితం మీద రాసుకోండి. ఎన్ని సంచులు కుట్టించాలో ఆ కాగితమే చెబుతుంది. నాకు ఆరు వచ్చాయి, మీకు నాలుగే రావచ్చు. దర్జీ దగ్గర జీన్స్ గుడ్డ ముక్కలు అడగండి, పలచటి గుడ్డలకు స్క్రూ మొనలు చిల్లులు పెడతాయి.