సింగిడి కావాలంటే ముందు నీ నీడ చూసుకో

చిరంజీవి బుజ్జికి తాత ఆశీస్సులు.

మీ బడి పిల్లలకి ఈ వానాకాలం సింగిడి, అదే ఇంద్రధనుస్సు, చూపిస్తానన్నావు, ఎట్లాగో రాయమన్నావు. మంచి పని తలకెత్తుకున్నావు బిడ్డా. వాన వెలవగానే అందరూ ఆకాశమంతా గాలిస్తారు. అంత అక్కర్లేదు. సూర్యుడికి వీపు పెట్టి నిలబడు. నీ తల నీడ ఎక్కడ పడిందో, సింగిడికి నడిమధ్య అదే. అక్కడి నుంచి 42 డిగ్రీల దూరంలో చుట్టూ తిరిగే వలయమే మనం విల్లు అనుకునేది. చెయ్యి బారుగా చాచి జాన పెడితే దాదాపు 20 డిగ్రీలు. తల నీడ నుంచి పైకి రెండు జానలు, ఆపైన ఒక వేలు మందం. చూపు అక్కడ నిలపాలి.

నీడ నీ ఎత్తుకన్నా పొట్టిగా ఉంటే ఎంత వాన పడినా ఆకాశంలో సింగిడి రాదు. సూర్యుడు 42 డిగ్రీలు దాటి పైకెక్కితే వలయమంతా నేల కిందికి దిగిపోతుంది. మన హైదరాబాద్‌లో జులై నడిమికి పొద్దున సుమారు 9 లోపు, సాయంత్రం సుమారు 3:45 దాటాకే అదను. సెప్టెంబర్ నడిమికి సాయంత్రం 3:20 ప్రాంతం నుంచే చూడొచ్చు. పొద్దు వాలేకొద్దీ విల్లు పైకి లేస్తుంది.

చోటు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్ వైపు చూస్తే ఎదురుగా ఉండేది పడమర, అంటే సూర్యుడు. సింగిడి వీపు వెనక ఉంటుంది. సాయంత్రం నీళ్ల మీదుగా కనబడాలంటే నెక్లెస్ రోడ్డు వైపు నిలబడి తూర్పుకి తిరగాలి. పొద్దుటి జల్లుకైతే ట్యాంక్‌బండే సరైన చోటు. తూర్పు తెరిపిగా ఉంటే మీ బడి డాబా చాలు, కానీ ఉరుము వినబడితే పిల్లల్ని వెంటనే కిందికి దింపు.

వాన కోసం కూర్చోకుండా పైపుతో మొదలుపెట్టు. సాయంత్రం నాలుగున్నరకి మొక్కలకి నీళ్లు పట్టే వేళ అయితే నీళ్లు వృథా కావు. పైపు మూతిని బొటనవేలితో నొక్కి సన్నని తుంపర చెయ్యి. ధారగా వస్తే రంగులు రావు, గుండ్రటి బొట్లు కావాలి. బొట్లు మరీ పొగమంచంత సన్నగా ఉన్నా రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసి విల్లు తెల్లబడుతుంది. తుంపర వెనక చెట్టో ముదురు రంగు గోడో ఉండాలి. సున్నం గోడ ముందు పడితే రంగు వెలిసిపోతుంది. ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి, విల్లు కొస గోడ మీద ఎక్కడ తాకుతోందో చూపించమను. చెరొక చోటు చూపిస్తారు. ఎవరి నీడ వాళ్లది కదా, ఎవరి సింగిడి వాళ్లదే.

అసలు పాఠం మాత్రం ఒక్క నీటిబొట్టులో ఉంది. పొద్దున్నే చేమాకు మీద నిలిచిన బొట్టు దగ్గరికి తీసుకెళ్లు. ఎండ వీపు మీద పడాలి, బొట్టు తల నీడకి, చెయ్యి చాచి కొలిస్తే రెండు జానల దూరంలో ఉండాలి. ఒక కన్ను మూసుకోమను. అంత దగ్గరి బొట్టు నుంచి ఒక్కో కంటికి ఒక్కో రంగు చేరుతుంది, రెండూ తెరిస్తే గజిబిజి. తలని మెల్లగా, వెంట్రుకవాసి చొప్పున కదిపితే బొట్టు అంచున ఒక మెరుపు కనబడుతుంది. ముందు ఎర్రగా, ఇంకొంచెం జరిగితే పసుపుగా, ఆకుపచ్చగా, నీలంగా. బొట్టు అదే, కోణం మారింది. కిరణం బొట్టులోకి వెళ్తూ వంగుతుంది, వెనక గోడకి తగిలి తిరుగుతుంది, బయటికొస్తూ మళ్లీ వంగుతుంది. ఎరుపు 42 డిగ్రీల దగ్గర, ఊదా 40 దగ్గర పోగవుతాయి. ఆకాశంలోనూ ఒక్కో క్షణాన ఒక్కో బొట్టు నీ కంటికి ఒక్క రంగే పంపుతుంది. ఈ విల్లులో ఎరుపు ఎప్పుడూ బయటి అంచునే. లోపల రెండుసార్లు తిరిగిన వెలుగుతో 51 డిగ్రీల దగ్గర ఇంకో విల్లు వస్తుంది, దాంట్లో వరస తలకిందులు. రెండింటి నడుమ ఆకాశం నల్లబడి ఉంటుంది, అది తప్పకుండా చూపించు.

ఫోన్‌లో పట్టాలంటే వైడ్ లెన్స్ పెట్టు, మొత్తం విల్లు 84 డిగ్రీల వెడల్పు. వెలుతురు కాస్త తగ్గిస్తే రంగులు నిలుస్తాయి. పోలరాయిడ్ కళ్లద్దాలు ఉంటే తీసెయ్యి, వాటిలోంచి విల్లు పైభాగం మాయమవుతుంది.

ఏడు రంగుల పేర్లు ముందే వల్లె వేయించకు. సంగీతంలో స్వరాలు ఏడు కదా అని న్యూటన్ రంగుల్నీ ఏడుగా విభజించాడు. నిజానికి అక్కడ గీతలు లేవు, ఒకటి మరొకదాంట్లో కరిగిపోతుంది. మన కంట్లో రంగుల్ని పోల్చే కణాలు మూడు రకాలే, అవే ఈ పట్టీలు కడతాయి. ఊదా చివర కంటికి ఎలాగూ మసకే. అందుకే ముందు కాగితం మీద ఎవరికి కనబడినన్ని వాళ్లని వేయమను. నాలుగు వేసినా ఆరు వేసినా తప్పు కొట్టొద్దు. ఎవరైనా ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా ఉన్నాయంటే, ముఖ్యంగా మగపిల్లలు, నలుగురిలో అడగకుండా ఆ ఇంటివాళ్లకి విడిగా చెప్పు. చుక్కల్లో అంకెలు దాచిన బొమ్మలతో కంటి డాక్టరు కాసేపట్లో తేల్చేస్తారు.

పిల్లలు వేసిన బొమ్మలు నాకూ పంపు.

మీ తాత