గ్రాఫ్ రాలేదని ఆర్‌ను వదిలేయాలా?

ప్రశ్న: కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఫైనలియర్ చదువుతున్నాను. ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఆర్ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టు రాసి, ఆర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో నడిపితే గ్రాఫులు బాగానే వస్తాయి. ఈ మధ్య ఒక కంపెనీ ఇంటర్వ్యూలో అలాంటి స్క్రిప్టునే కమాండ్ లైన్ నుంచి, అంటే ఆర్‌స్టూడియో లేకుండా కమాండ్ టైప్ చేసి రన్ చేయమన్నారు. గ్రాఫ్ రాలేదు, ఎర్రరూ రాలేదు. నాకు నోట మాట రాలేదు. ఆర్ పని అయిపోయింది, పైథాన్ నేర్చుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. నాన్నేమో గవర్నమెంటు ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: ముందు మీ టెన్షన్ కొంచెం తగ్గిస్తానమ్మా. ఆ రోజు గ్రాఫ్ వచ్చే ఉంటుంది. మీరు తెర మీద వెతికారు, అది ఫోల్డర్‌లో పడి ఉంది.

ఆర్‌స్టూడియోలో కూర్చుని పని చేస్తుంటే ఎదురుగా మనిషి ఉన్నాడని ఆర్‌కు తెలుసు, కాబట్టి బొమ్మ చూపిస్తుంది. అదే ఆర్‌స్క్రిప్ట్ కమాండ్‌తో నడిపితే ఎదురుగా ఎవరూ లేరన్న లెక్కతోనే పని చేస్తుంది. గ్రాఫులన్నీ ఆర్‌ప్లాట్స్ అనే పీడీఎఫ్‌లో, పేజీకొకటి చొప్పున రాసేసి ఊరుకుంటుంది. అది స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే ఉంటుందనుకోకండి, మీరు ఏ ఫోల్డర్‌లో నిలబడి కమాండ్ కొట్టారో అక్కడ ఉంటుంది. మళ్లీ నడిపితే పాత పీడీఎఫ్ పోయి, అదే పేరుతో కొత్తది వస్తుంది.

అసలు కంపెనీలు ఇది ఎందుకు అడుగుతాయి? అక్కడ స్క్రిప్టులు రాత్రి రెండు గంటలకు, తెరే లేని సర్వర్ మీద వాటంతటవే నడుస్తాయి. పొద్దున మేనేజర్‌కు కావాల్సింది ఫైలు. అందుకే బొమ్మ ఎక్కడ, ఏ పేరుతో పడాలో మీరే చెప్పాలి. గ్రాఫ్ గీసే ముందు పీఎన్‌జీ ఫంక్షన్‌కు ఫైలు పేరు ఇవ్వండి, గీశాక డెవ్ డాట్ ఆఫ్‌తో మూయండి. మూయగానే ‘నల్ డివైస్ 1’ అని కనిపిస్తే కంగారు పడొద్దు, అది ఎర్రర్ కాదు. తెరిచి ఉన్న ఫైలు ఇంకేదీ లేదని చెప్పడమే.

ఇక్కడ నేనూ దెబ్బతిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడు మండలాల గ్రాఫులను లూప్‌లో పెట్టి అన్నింటికీ ఒకే ఫైలు పేరు ఇచ్చాను. ఒకదాని మీద ఒకటి పడి చివరి మండలం ఒక్కటే మిగిలింది. మీటింగ్‌లో మిగతా ఆరు ఏవి అని సారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. మీరు తేజ, వండర్ హాట్, చపాటా రకాలకు వేర్వేరుగా గీస్తుంటే ఫైలు పేరులో రకం పేరు కలపండి. ఆర్‌లో గ్రాఫులు గీసే జీజీప్లాట్ ప్యాకేజీ వాడుతుంటే ఇంకో మెలిక ఉంది: లూప్‌లోగానీ ఫంక్షన్‌లోగానీ ప్రింట్ అని స్పష్టంగా చెప్పకపోతే బొమ్మ గీయదు, ఎర్రరూ ఇవ్వదు. ఇంటర్వ్యూలో ఎర్రర్ రాలేదన్నారు కదా, ఇదీ కారణమై ఉండొచ్చు.

లేదు, తెర మీదే చూడాలంటే స్క్రిప్టులో విండో తెరిపించవచ్చు. విండోస్‌లో దానికి విండోస్ అనే ఫంక్షనే ఉంది, లినక్స్‌లో ఎక్స్ లెవెన్. కాకపోతే స్క్రిప్ట్ అయిపోగానే విండో కూడా మూసుకుపోతుంది. ఎంటర్ కొట్టేదాకా ఆపుదామని రీడ్‌లైన్ అనే ఫంక్షన్ పెడతారు చాలామంది. కమాండ్ లైన్‌లో అది ఆగదు. దాని బదులు రీడ్‌లైన్స్ ఫంక్షన్‌కు ఎస్‌టీడీఇన్ (కీబోర్డు నుంచి వచ్చే ఇన్‌పుట్) ఇస్తే ఆగుతుంది.

పైథాన్‌కు వెళ్లినా ఈ తిప్పలు తప్పవు. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో షోతో బొమ్మ చూసి, విండో మూసేశాక, ఫైలుగా దాచే సేవ్‌ఫిగ్ కొడితే సాధారణంగా తెల్ల కాగితమే మిగులుతుంది. పైథాన్ నేర్చుకోండి, కాదనను. అయితే ఫైనలియర్ ప్రాజెక్టు మధ్యలో ఆర్‌ను వదిలేయకండి. క్లినికల్ ట్రయల్స్ లెక్కల్లో సాస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు ఆర్‌నూ వాడుతున్నారు.

నాన్నగారి మాట కూడా కొట్టిపారేయాల్సింది కాదు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు మీ పీజీ సరిపోతుంది, వయసు 21 నుంచి 30 మధ్య ఉండాలి, రిజర్వేషన్ వాళ్లకు సడలింపు ఉంటుంది. సిలబస్‌లో చాలా భాగం మీరు క్లాసులో చదువుతున్నదే. రెండూ పక్కపక్కన నడపవచ్చు.

ఈ వారం మాత్రం ఒక్క పని చేయండి. ఆర్‌స్టూడియో తెరవకుండా, మిర్చి రకం పేరును కమాండ్‌లోనే ఇస్తే ఆ రకం ధరల గ్రాఫ్ ఫైలుగా వచ్చేలా మీ స్క్రిప్టును మార్చండి, కమాండ్ ఆర్గ్స్ అనే ఫంక్షన్ చూస్తే దారి దొరుకుతుంది. చపాటా అని కొడితే చపాటా ఫైలు రావాలి. వచ్చాక కోడ్‌ను నలుగురూ చూసేలా ఉంచే గిట్‌హబ్ సైట్‌లో పెట్టి, ఆ లింకు రెజ్యూమేలో ప్రాజెక్టు పేరు పక్కనే రాయండి.