పరుగు పందెం పోస్టర్ మీద ‘సర్టిఫైడ్ కోర్స్’ (కొలిచి ధ్రువీకరించిన రూటు) అని ఉంటే రేసు దూరం కచ్చితమేనా?

ఆ మాట అచ్చు వేసినంత మాత్రాన కాదు. సర్టిఫికెట్ కొలిచిన రూటుకే, రేసు పేరుకు కాదు. కొలిచేవారు సైకిల్ ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ (చక్రం ఎంత తిరిగిందో లెక్కించే పరికరం) బిగించి, మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంలో, అతి దగ్గరి దారినే తొక్కుతారు. పైగా తక్కువ పడకుండా వెయ్యి మీటర్లకు ఒక మీటరు చొప్పున కలుపుతారు, అంటే మారథాన్‌కు 42 మీటర్లు. కాబట్టి మీ జీపీఎస్ వాచీ కాస్త ఎక్కువ చూపిస్తే టెన్షన్ పడొద్దు.

రేసు రోజు యూటర్న్ కోన్ జరిపితే మాత్రం ఆ సర్టిఫికెట్ వర్తించదు. అసలు కొలతలోనే తప్పు దొర్లడమూ ఉంది: బ్రిటన్‌లో 2013 నుంచి 2015 వరకు జరిగిన గ్రేటర్ మాంచెస్టర్ మారథాన్లు 380 మీటర్లు తక్కువని 2016లో బయటపడింది. పాపం, వేలమంది కష్టపడి తెచ్చుకున్న టైమింగులు చెల్లకుండా పోయాయి.

నిర్వాహకులు ఫీజు తీసుకునే ముందే సర్టిఫికెట్, రూట్ మ్యాప్ చూపించాలి. కొలవకపోతే ‘సుమారు 10 కి.మీ.’ అనే రాయాలి.