అంగన్‌వాడీకి బీఈడీ అక్కర్లేదండీ
నమస్తే అండీ. ఇంటర్ పాసయ్యాను, పెళ్లయి కావలి వచ్చాను, ప్లేస్కూల్లో పనిచేసిన అనుభవం ఉంది, బీఈడీ లేకుండా అంగన్‌వాడీకి పెట్టొచ్చా అని అడిగారు. నిక్షేపంగా పెట్టొచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకి అడిగేది పదో తరగతి పాస్, 21 నుంచి 35 ఏళ్ల వయసు, పెళ్లి, ఆ ఊళ్లోనే కాపురం. బీఈడీ ఊసే ఉండదు.

చాలామందికి తేడా కొట్టేది ఆ ఊళ్లోనే కాపురం అన్న షరతు దగ్గరే. ఆధార్‌లో ఇంకా పుట్టింటి అడ్రసే ఉంటుంది! మీదీ అలాగే ఉంటే నోటిఫికేషన్ పడకముందే మార్పించుకోండి. వివరాలు అంగన్‌వాడీలను చూసుకునే ఐసీడీఎస్ ప్రాజెక్టు ఆఫీసులో, అక్కడి అధికారి సీడీపీఓ దగ్గర దొరుకుతాయి.

ప్లేస్కూల్ వాళ్ల దగ్గర అనుభవం సర్టిఫికెట్ మాత్రం రాయించుకోండి, కంపెనీ క్రెష్‌లకు, అంటే ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే కేంద్రాలకు, అక్కరకొస్తుంది. 50 మంది, ఆపైన పనిచేసేచోట క్రెష్ ఉండాలని 2017 ప్రసూతి సవరణ చట్టం చెప్పింది, ఇప్పుడా నియమం సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. కృష్ణపట్నం పోర్టు వైపు కంపెనీల్లో అడిగి చూడండి.