ఎఫ్-1 (అమెరికా స్టూడెంట్ వీసా) మీద ఉండి గ్యాస్ స్టేషన్‌లో పని చేయొచ్చా?

ప్రశ్న: అక్కా, ఆగస్టులో డల్లాస్ వచ్చాను, ఎమ్మెస్ ఫస్ట్ సెమ్. రూమ్మేట్‌కి తెలిసినాయన గ్యాస్ స్టేషన్‌లో రాత్రిళ్ళు కౌంటర్ చూసుకుంటే క్యాష్ ఇస్తానంటున్నాడు. అందరూ చేసేదే అంటున్నారు. ఇంటి దగ్గర లోన్ వడ్డీ నాన్నే కడుతున్నారు. చేరనా?

జవాబు: వద్దు తమ్ముడూ. క్యాష్ చేతికిచ్చినా, అక్కడ మీ నాన్నగారి అకౌంట్లో వేసినా అది పర్మిషన్ లేని పనే, బయటపడితే స్టూడెంట్ స్టేటస్ పోతుంది, రేపు హెచ్1బీ (ఉద్యోగ వీసా)కి వెళ్ళినా అడ్డం పడొచ్చు. పైగా ఆయన డబ్బులు ఎగ్గొడితే నువ్వు కంప్లైంట్ ఇవ్వలేవని ఆయనకీ తెలుసు కదా!

మొదటి ఏడాది నీకు ఉన్న దారి క్యాంపస్ పనే, క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు, సెలవుల్లో ఫుల్ టైమ్. డైనింగ్ హాల్లో గిన్నెలు కడగడానికి నామోషీ పడకు, లైబ్రరీ డెస్క్ కోసం అందరూ ఎగబడతారు గానీ డైనింగ్ హాల్‌కి పోటీ తక్కువ. ఆఫర్ రాగానే డీఎస్‌ఓ (యూనివర్సిటీలో ఎఫ్-1 విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) దగ్గర లెటర్ తీసుకుని సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి అప్లై చెయ్. టీఏ (టీచింగ్ అసిస్టెంట్), ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) పోస్టుల కోసం ప్రొఫెసర్లందరికీ ఒకే మెయిల్ కాపీ కొట్టి పంపకు, ఇట్టే కనిపెట్టేస్తారు.

ఏడాది చదివాక కోర్సుకి సంబంధించిన ఇంటర్న్‌షిప్ దొరికితే సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా బయట పని చేసే పర్మిషన్) అడగొచ్చు, కాకపోతే ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు నిండిందంటే ఆ డిగ్రీకి ఓపీటీ (కోర్సు అయ్యాక చదివిన రంగంలో పని చేసే పర్మిషన్) గోవిందా. ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సు అయితే ఇంకో 24, కోర్సు అయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. ఏ పని ఒప్పుకునే ముందైనా రూమ్మేట్‌ని కాదు, డీఎస్‌ఓని అడుగు.