హేలీ తోకచుక్క మళ్లీ ఎప్పుడొస్తుంది, దేవరకొండ నుంచి కనిపిస్తుందా?

2061లో వస్తుంది, మన దగ్గర్నుంచీ కనిపిస్తుంది. జులై 28న సూర్యుడికి బాగా దగ్గరగా వస్తుంది, దానికి అటూ ఇటూ కొన్ని వారాలు కంటితోనే చూడొచ్చు. 1986లో మనం సూర్యుడికి ఒక పక్క, అది అవతలి పక్క ఉండటంతో సరిగ్గా కనబడలేదు, ఈసారి మనవైపే ఉంటుంది కాబట్టి చాలా కాంతిగా ఉంటుంది. మనకు టెన్షనల్లా మబ్బులతోనే, జులై అంటే ముసురు రోజులు కదా.

అంతదాకా ఎందుకు, అది వదిలిన ధూళి ఏటా రెండుసార్లు ఉల్కలుగా రాలుతుంది: అక్టోబర్ 21 ప్రాంతంలో, మే 5, 6 తేదీల్లో. నన్నడిగితే మే నెలే మేలు, ఆకాశం తేటగా ఉంటుంది. తెల్లవారుజామున మూడున్నరకు, వీధిలైట్లు పడని చేను దగ్గర మంచం వేసుకుని, ఫోన్ పక్కన పెట్టేసి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా 20 నిమిషాలు ఓపిక పట్టండి.