ఆ 91 రోజులు ఏమైపోయాయి?

చిరంజీవికి,

నీ పెద్దకథ చేరింది. 64 పేజీలూ చదివాను. 41వ పేజీ దగ్గర కాగితాలు పక్కన పడేసి కాసేపు వరండాలో పచార్లు చేశాను. మెచ్చుకోలుతో కాదులే.

డాలస్‌లో అపార్ట్‌మెంటు. 2013 జనవరి 8. పన్నెండు కొట్టగానే నీ నాయిక కిండిల్‌లో బటన్ నొక్కుతుంది. 'ఎ మెమరీ ఆఫ్ లైట్' దిగుతుంది. రాబర్ట్ జోర్డన్ మొదలెట్టిన 'ది వీల్ ఆఫ్ టైమ్' అనే ఇంగ్లీషు ఫాంటసీ నవలల వరసలో అది పద్నాలుగోది, ఆఖరిది. అమ్మాయి కళ్లు చెమరుస్తాయి. అంతా బాగుంది గానీ, ఆ రాత్రి కిండిల్‌లో ఆ పుస్తకం లేదు నాయనా. జనవరి 8న వచ్చినవి గట్టి అట్ట పుస్తకమూ, ఆడియోనూ. ఈ-బుక్ వచ్చింది ఏప్రిల్ 9న.

తారీకు తప్పే కదా, దిద్దుకుంటే పోతుంది అంటావేమో. అంతమాత్రమే అయితే పెన్సిల్‌తో గీత గీసి ఊరుకునేవాణ్ణి. నీ కథకి ఆయువుపట్టులాంటి ఘట్టం ఆ తప్పు కింద పడి నలిగిపోయింది. ఈ-బుక్ ఆలస్యం చెయ్యాలన్న నిర్ణయం హారియట్ మెక్‌డూగల్‌ది. రాబర్ట్ జోర్డన్‌కి భార్య, మొదటి పుస్తకం నుంచీ ఎడిటర్. పుస్తకం ముందు చేతికి పుస్తకంగానే అందాలని ఆమె పట్టు. అప్పటికే కిండిల్‌కి అలవాటుపడ్డ జనం భగ్గుమన్నారు. పేజీ తిప్పకుండానే అమెజాన్‌లో ఒక్క నక్షత్రం వేసి వచ్చారు. ఏళ్ల తరబడి కాచుకున్న పుస్తకానికి, వచ్చిన రోజునే, చదవకుండా! ఇంతకంటే మంచి సన్నివేశం నువ్వూ నేనూ కూర్చుని కల్పించగలమా?

పైగా ఆ 91 రోజులూ ఎవరు చచ్చారో, ఎవరు బతికారో లోకమంతా మాట్లాడుకుంటూనే ఉంది. నీ నాయిక ముందు మూడు దార్లున్నాయి. కిలో దాటిన, 909 పేజీల పుస్తకం కొని రోజూ రైల్లో మోసుకెళ్లడం. నలభై గంటలు దాటిన ఆడియో వినడం. లేదా చెవులు మూసుకుని ఏప్రిల్ దాకా ఓపిక పట్టడం. ఆ అమ్మాయి ఏ దారి పడుతుందో చెబితే ఆమె ఎలాంటిదో నాకు తెలిసిపోతుంది. నువ్వు బటన్ నొక్కించి ఏడిపించావు.

కోపం ఎటూ బయటపడింది కాబట్టి అసలు గొడవ చెబుతాను. నీ కథలో 'ఎదురుచూసింది', 'ఎదురుచూపు', 'నిరీక్షణ' అన్న మాటలు కలిపి 37 సార్లు వచ్చాయి. లెక్కపెట్టాను. ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడుతుంది, వాన చూస్తుంది, కాఫీ చల్లారిపోతుంది. ఎదురుచూడ్డం అంటే పని, బాబూ. అందునా ఇలాంటి పుస్తకం కోసం ఎదురుచూడ్డం చాకిరీ. జనం కిటికీల్లోంచి చూస్తూ కూర్చోలేదు, లెక్కలు కట్టారు, సాక్ష్యాలు పోగుచేశారు, జట్లుగా చీలి తిట్టుకున్నారు.

అస్మోడియన్ అనే పాత్ర సంగతే తీసుకో. 1993లో వచ్చిన అయిదో పుస్తకం చివర్లో అతను ఒక తలుపు తీస్తాడు, ఎదురుగా ఉన్నవాళ్లని గుర్తుపడతాడు, చచ్చిపోతాడు. చంపిందెవరో జోర్డన్ చెప్పలేదు. అడిగితే, పుస్తకంలోనే ఉంది చూసుకోండి అనేవాడు. పాఠకులు ఏం చేశారు? ఆ రోజు ఏ పాత్ర ఎక్కడుందో పట్టికలు వేశారు. ఎవరికి ఆ చోటికి చేరే వీలుంది, ఎవరికి కారణముంది, తలుపు తియ్యగానే అతను ఎవర్ని గుర్తుపట్టగలడు అని ఒక్కొక్కర్నీ కొట్టేసుకుంటూ పోయారు. పోలీసు స్టేషన్‌లో కూడా అంత శ్రద్ధగా చెయ్యరు. జవాబు 2010లో వచ్చింది, పదమూడో పుస్తకం వెనక పదకోశంలో! అస్మోడియన్ అన్న పేరు కింద, గ్రేండాల్ అనే పాత్ర చేతిలో చచ్చాడని రాసి ఉంది. పదిహేడేళ్ల పంచాయితీకి తీర్పు, మనం కఠిన పదాలకి అర్థాలు వెతుక్కునే చోట. కొందరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, కొందరికి ఒళ్లు మండింది. నీ నాయిక ఆ పేజీ తీసినప్పుడు ఏం చేసింది? నీ కథలో 2010 అన్న సంవత్సరమే లేదు.

డిమాండ్రెడ్ అనే విలన్‌ది ఇంకో కేసు. మజ్రిమ్ టెయిమ్ అనే పాత్ర మారువేషంలో ఉన్న డిమాండ్రెడే అని ఒక వర్గం ఏళ్ల తరబడి వాదించింది. ఇద్దరి పేర్లూ కలిపి టెయిమాండ్రెడ్ అని ఆ వాదానికే పేరు పెట్టారు. కాదని జోర్డన్ చెప్పినా వదల్లేదు. చివరికి ఆఖరి పుస్తకంలో డిమాండ్రెడ్ కథ మొత్తంలో ఎవరూ పట్టించుకోని షారా దేశం నుంచి సైన్యంతో ఊడిపడతాడు. అక్కడ అతనేం చేశాడో చెప్పే అధ్యాయాలు పుస్తకంలోంచి తీసేశారు. తర్వాత వాటిని ఒక కథాసంకలనంలో విడిగా వేశారు. అంటే ఏళ్ల తరబడి తవ్విన గుంటలో కాకుండా పక్క పొలంలో నీళ్లు పడ్డాయన్నమాట. తవ్వినవాడి ముఖం ఎలా ఉంటుందో అది రాయాలి నువ్వు.

ఇక లెక్కలు. 22వ పేజీలో ఆ అమ్మాయి థాంక్స్‌గివింగ్ నాలుగు రోజుల సెలవుల్లో పదమూడు పుస్తకాలూ 'మళ్లీ చదివేసింది' అన్నావు. పదమూడూ కలిపి దాదాపు 40 లక్షల మాటలు. నిమిషానికి 250 మాటల చొప్పున 266 గంటలు దాటుతుంది. నాలుగు రోజులూ కన్ను మూయకపోయినా చేతిలో ఉన్నది 96 గంటలు. ఉద్యోగం చేసుకుంటూ రోజుకి రెండు గంటలు చదివితే 133 రోజులు కావాలి. జనవరి 8కి ముగించాలంటే ఆగస్టు చివరి వారంలో మొదలెట్టాలి. ఆ లెక్క ఆమె చేత వేయించు. క్యాలెండర్ మీద పుస్తకానికో గడువు పెట్టించు. పదో పుస్తకం దగ్గర గడువు తప్పించు, అక్కడ అందరికీ తప్పుతుంది. 2003లో వచ్చిన ఆ పుస్తకంలో చాలా భాగం తొమ్మిదో దాని ముగింపు జరుగుతుండగా తక్కినవాళ్లు ఎక్కడున్నారో చెప్పడంతోనే సరిపోతుంది. కథ అంగుళం కదలదు. రెండేళ్లు కాచుకుని కొన్నవాళ్లు అప్పట్లో దుమ్మెత్తిపోశారు. వరసగా చదివేవాళ్లకి అంత బరువనిపించదని కూడా అంటారు. కాచుకోవడానికీ చదవడానికీ ఉన్న లంకె అక్కడ చెయ్యి పెడితే తగులుతుంది.

9వ పేజీలో ఇంకోటి. అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసగా దొరికాయా ఆమెకి? అబ్బాయ్, ఎప్పుడైనా అక్కడ వంగి వెతికావా? రెండు దొరుకుతుంది, అయిదు దొరుకుతుంది, ఏడు రెండు ప్రతులుంటాయి, ఒకటి మాత్రం ఉండదు. ఉన్నవాటికీ కుట్టు ఉండదు, జిగురే. ఎనిమిది వందల పేజీల లావు పేపర్‌బ్యాక్ నడిమధ్యలో వీపు పగులుతుంది, మన ఎండలకి జిగురు పెళుసెక్కి ఆ చోట పేజీలు గుత్తిగా ఊడొస్తాయి. పాఠకురాలు రెండో పుస్తకంతో మొదలెట్టి, మొదటిది దొరికేదాకా సగం కథ తనే ఊహించుకుంటుంది. నీ కథకి అసలు మొదలు అదే కావచ్చు.

పత్రికల్లో సీరియళ్లు చదివిన మన ఆడవాళ్లు 'సశేషం' పేజీలు వారం వారం చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి దాచుకునేవారు. మధ్యలో ఒక వారం పోతే పక్కింటికి వెళ్లి అడుక్కునేవారు. వాళ్లూ ఆ డాలస్ అమ్మాయీ ఒకే జాతి. ఎడిటర్లకే అది అర్థమయ్యేది కాదు. కొత్త సీరియల్‌కి ప్రకటన ఇచ్చేశాం, మీది రెండు వారాల్లో కట్టెయ్యండి అనేవారు. నాకూ ఒక వారపత్రిక నుంచి అలాంటి కార్డు వచ్చింది, పేరెందుకులే. రెండు వారాల్లో నాలుగు పాత్రల్ని చంపి ఒకదానికి పెళ్లి చేశాను. ఇప్పుడేమో ముగింపే అక్కర్లేదు, 'ఓపెన్ ఎండింగ్' అంటే చాలట. దారం చేతకాక వదిలేసినదానికి కూడా పేరు పెట్టుకున్నారు.

జోర్డన్ పోయిన ఘట్టం నువ్వు ఒక పేరాలో దాటేశావు. 2006 మార్చిలో తన జబ్బు సంగతి ఆయనే చెప్పాడు, గుండెకి సంబంధించిన అమైలాయిడోసిస్. 2007 సెప్టెంబర్ 16న పోయాడు, 58 ఏళ్లకి. మిగిలింది ఒక్క పుస్తకమే, ఎంత లావైనా ఒక్కదాంట్లోనే ముగిస్తానని మాటిచ్చి ఉన్నాడు. అచ్చుకాని నోట్సు, చెప్పి రాయించినవి, ఆఖరి దృశ్యం మిగిల్చి వెళ్లాడు. హారియట్ బ్రాండన్ శాండర్‌సన్ అనే రచయితని పిలిచింది. ఒక్కటి మూడైంది: 2009 అక్టోబర్, 2010 నవంబర్, 2013 జనవరి. నువ్వు 'అభిమానులు శోకసంద్రంలో మునిగారు' అన్నావు. మునిగారు, నిజమే. ఆ మరుక్షణమే మరి పుస్తకం ఎలా అన్న ప్రశ్న మనసులోకి వచ్చి, దానికి సిగ్గుపడ్డారు కూడా. మనిషి పోయాడన్న బాధలోనే కథ ఆగిపోతుందేమోనన్న స్వార్థం. ఆ సిగ్గు రాయకపోతే ఆ పేరా వార్తాపత్రికలో వేసుకోవచ్చు.

కొత్త చెయ్యి పడ్డాక వాళ్ల చెవులు చూడు. 2009 పుస్తకంలో మ్యాట్ అనే పాత్ర మాట్లాడగానే పసిగట్టారు, ఇది మన మ్యాట్ కాదు, వేళాకోళం ఎక్కువైందని. శాండర్‌సన్ ఆ లోపం ఒప్పుకున్నాడు, తర్వాతి పుస్తకాల్లో సర్దుకున్నాడు. వియ్యాలవారింట వంట తిని, ఇంగువ మారిందని చెప్పే అత్తగారిలాంటి పాఠకులు వాళ్లు.

'పుస్తకానికి మిశ్రమ స్పందన లభించింది' అన్నావు 58వ పేజీలో. ఈ వాక్యం నా కళ్లబడితే బీపీ మాత్ర వేసుకోవాలి. సినిమా విడుదలైన శుక్రవారం సాయంత్రం వెబ్‌సైట్ల వాళ్లు రాసే మాట అది, వాళ్లకే వదిలెయ్. నీ నాయిక చేతిలో మూడు చిల్లుల్ని పెట్టు. ఒకటి, పాడన్ ఫెయిన్. మొదటి పుస్తకంలో చిల్లర సామాన్ల బండితో ఊళ్లోకి వచ్చిన మనిషి, పద్నాలుగు పుస్తకాల పాటు విషమెక్కుతూ వచ్చిన మనిషి. ఆఖర్న రెండు పేజీల్లో తేల్చేశారు. అదే పుస్తకంలో 'ది లాస్ట్ బాటిల్' అన్న 37వ అధ్యాయం ఒక్కటే దాదాపు 79 వేల మాటలు, మనకి రెండు నవలలంత. అంత చోటుండీ వీడికి రెండు పేజీలా అని ఆమె రగిలిపోవాలి. రెండు, ఆ అధ్యాయమే. మొదలెడితే ఆపడానికి చోటుండదు. రాత్రి పదింటికి మొదలెట్టిన మనిషి తెల్లారి ఆఫీసుకి ఏ ముఖంతో వెళ్లిందో కావాలి నాకు. మూడు, పైపు. చివరి దృశ్యంలో కథానాయకుడు ర్యాండ్‌కి మంత్రశక్తి పోయింది, చేతిలో నిప్పు లేదు. పైపు వెలగాలనుకుంటాడు, వెలుగుతుంది. ఎలాగో పుస్తకం చెప్పదు. అది జోర్డన్ బతికుండగా రాసిన దృశ్యం, అడుగుదామంటే ఆయన లేడు. పదకోశంలో కూడా లేదు. మొదటిదానికి కోపం, రెండోదానికి ఒళ్లు తెలియకపోవడం, మూడోదానికి పుస్తకం మూసేసి మళ్లీ ఆ పేజీ తెరవడం. ఈ మూడూ ఒకే మనిషికి ఒకే వారంలో జరుగుతాయి, వేర్వేరు రోజుల్లో. ఆ వరస మార్చకు. మొదటి రోజు ఎవరికీ కోపం రాదు, ముగిసిందన్న మత్తే ఉంటుంది. కోపం రెండోసారి తిరగేసినప్పుడు వస్తుంది.

నచ్చింది ఒకటుంది. 47వ పేజీలో ఆమె ఎడమ పేజీ చదువుతూ కుడి పేజీ మీద కరెంటు బిల్లు కవరు కప్పుకుంటుంది, కన్ను ముందుకి జారకుండా. అది నువ్వు ఎక్కడో చూసే ఉంటావు. కిండిల్‌లో కుడి పేజీ ఉండదు కాబట్టి, గట్టి అట్ట పుస్తకమే ఆమె చేతిలో ఉండాలని నీ చేతికి ముందే తెలిసింది. నీ బుర్రకే తెలియలేదు.

అచ్చు సంగతీ, ఇంగ్లీషు పేర్లు తెలుగులో ఎలా రాయాలన్న సంగతీ ఇప్పుడొద్దు. కిటికీలూ వానా చల్లారిన కాఫీ తీసెయ్. 'ఎదురుచూపు' అన్న మాట మొత్తం కథలో రెండుసార్లకి మించి రాకూడదు. జనవరి 7 రాత్రికి ఆమెను కావాలంటే యూటా రాష్ట్రంలోని ప్రోవో పంపు, శాండర్‌సన్ పాఠాలు చెప్పే యూనివర్సిటీ పుస్తకాల షాపుకి. అక్కడ అర్ధరాత్రి విడుదల, చలిలో క్యూ, ప్రతుల మీద వరస నంబర్లు. డాలస్ నుంచి విమానం టిక్కెట్టు పెట్టుకునే మనిషో కాదో నువ్వే తేల్చు. వెళ్లకపోతే ఏప్రిల్ 9 దాకా ఏం చేసిందో రోజులవారీగా రాసుకుని, అందులోంచి పన్నెండు రోజులు ఏరి పంపు. ఒకవైపే టైపు చెయ్, ఎడమ పక్క రెండంగుళాలు వదిలెయ్. ఈసారి పెన్సిల్‌కి చోటు చాల్లేదు.

ఆశీస్సులతో.